జలుబు బిళ్ళ వేసుకుంటే నిద్ర ఎందుకు ముంచుకొస్తుంది?

నమస్కారమండీ. జలుబు చేసిందని మందుల షాపులో బిళ్ళ కొని వేసుకుంటాం. కాసేపటికే కళ్ళు మూతలు పడతాయి. "మందు బాగా పనిచేస్తోంది" అంటారు ఇంట్లోవాళ్ళు. నిజానికి ఆ మత్తుకీ, జలుబు తగ్గడానికీ సంబంధం లేదు.

ఇంట్లో స్ట్రిప్ ఉంటే ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. చాలావాటి మీద పారాసిటమాల్ 500, ఫినైల్‌ఎఫ్రిన్ 10, క్లోర్‌ఫెనిరమైన్ 2 మిల్లీగ్రాములు అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మనల్ని పడుకోబెట్టేది ఆ 2 మిల్లీగ్రాములే.

క్లోర్‌ఫెనిరమైన్ మన ఒంట్లో తయారయ్యే హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకునే మందు. హిస్టమిన్ అంటే మనకు దద్దుర్లు, తుమ్ములే గుర్తొస్తాయి. మెదడులో దాని పని వేరు. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే చోట, వెనక భాగంలో చిన్న నాడీకణాల గుంపు ఒకటుంది. మనం మెలకువగా ఉన్నంతసేపూ అది మెదడంతటికీ హిస్టమిన్ పంపుతూనే ఉంటుంది. నిద్రపోయాక దాదాపు ఆగిపోతుంది. ఆ హిస్టమిన్ వెళ్ళి తగులుకునే చోటు హెచ్1 రిసెప్టర్. క్లోర్‌ఫెనిరమైన్, ప్రొమెథజైన్ లాంటి పాత మందులు రక్తంలోంచి మెదడులోకి సులువుగా దూరి, ఆ చోట తిష్ఠ వేస్తాయి. హిస్టమిన్‌కి చోటు దొరక్క మెలకువ తగ్గి నిద్ర ముంచుకొస్తుంది. పిటోలిసాంట్ అనే మందు దీనికి సరిగ్గా ఎదురు. అది హిస్టమిన్ విడుదలకు కళ్ళెం వేసే హెచ్3 రిసెప్టర్‌ని ఆపి హిస్టమిన్ విడుదలను పెంచుతుంది. పగటిపూట ఆపుకోలేని నిద్ర వచ్చే నార్కోలెప్సీ జబ్బుకి అమెరికాలో 2019లో దానికి అనుమతి ఇచ్చారు.

హిస్టమిన్‌ని అడ్డుకునే కొత్త తరం మందుల్లో ఒకటైన ఫెక్సోఫెనడిన్‌తో ఈ బాధ దాదాపు ఉండదు. మెదడు గడప దగ్గరే పీ-గ్లైకోప్రొటీన్ అనే పంపు దాన్ని బయటికి నెట్టేస్తుంది. అదే తరానికి చెందిన సెట్రిజిన్ కొంచెం లోపలికి వెళ్తుంది, అందుకే కొందరికి మత్తుగా ఉంటుంది.

నాకు అసలు భయం నిద్ర గురించి కాదు. నిద్ర వస్తున్నట్టు అనిపించకపోయినా పాత మందులతో చురుకు తగ్గుతుంది, బ్రేక్ వేయడం ఆలస్యమవుతుంది. ఒంట్లో క్లోర్‌ఫెనిరమైన్ సగానికి తగ్గడానికే చాలామందిలో 20 గంటల దాకా పడుతుంది. రాత్రి వేసుకుని పొద్దున్నే బండి తీసేవాళ్ళు దయచేసి గుర్తుపెట్టుకోండి.

పిల్లాడు కాసేపు పడుకుంటాడని జలుబు సిరప్ పట్టే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉంది. వద్దండీ! క్లోర్‌ఫెనిరమైన్, ఫినైల్‌ఎఫ్రిన్ కలిసిన మందుని 4 ఏళ్ళలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద రాయమని మన దేశ ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే కంపెనీలకు చెప్పింది.

వయసు పైబడినవాళ్ళకి ఇంకో చిక్కు. ఈ పాత మందులు నరాలు కబుర్లు పంపడానికి వాడే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని కూడా అడ్డుకుంటాయి. నోరు ఎండిపోవడం, మూత్రం బిగుసుకుపోవడం, మాట తడబడి అయోమయంగా ఉండటం వస్తాయి. తాతగారు ఉన్నట్టుండి ఎక్కడున్నారో తెలియనట్టు మాట్లాడితే, వయసు మీద పడిందని ఊరుకోకుండా, ఆయన వేసుకుంటున్న మందుల స్ట్రిప్పులన్నీ డాక్టరుగారి ముందు పెట్టండి.