కాలి పుండుకు పెట్టిన మిషన్‌ను రాత్రిపూట ఆపవచ్చా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారమ్మా?

శ్రోత: చంద్రగిరి నుంచి సార్. మా మామగారికి షుగర్ ఉంది. మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి నుంచి చెప్పులు లేకుండా కొండెక్కారు. అరికాలికి బొబ్బ లేచి పుండైంది. స్పర్శ లేక ఆయనకు తెలియనే లేదు. కుళ్ళిన కండ తీసేసి, వ్యాక్యూమ్ మిషన్ పెట్టి ఇంటికి పంపారు. దాని చప్పుడుకు నిద్ర పట్టడం లేదంటున్నారు. రాత్రిపూట ఆపవచ్చా?

డాక్టర్: వద్దమ్మా. పుండులో స్పాంజి పెట్టి, పైన గాలి చొరని పొర అతికించారు కదా. మిషన్ లాగుతున్నంతసేపూ పుండులో ఊరే నీరు డబ్బాలోకి పోతుంది. వాపు తగ్గి, కొత్త కండ పుడుతుంది. ఆపితే ఆ నీరంతా మూత బిగించిన పుండులోనే నిలిచిపోతుంది. చీము పట్టడానికి అంతకన్నా ఏం కావాలి? రోజు మొత్తం మీద 2 గంటలకు మించి ఆగకూడదు. మించితే ఆ స్పాంజి తీయించి మామూలు కట్టు కట్టించాలి.

శ్రోత: చప్పుడు కూడా బుస్సుమని ఆగకుండా వస్తోంది సార్.

డాక్టర్: అయితే ఎక్కడో గాలి లోపలికి పోతోంది. స్పాంజిని పైనుంచి తాకి చూడండి. ఎండుద్రాక్షలా ముడుచుకుని గట్టిగా ఉండాలి. మెత్తగా ఉబ్బి ఉంటే లీకు ఉన్నట్టే. పొర అంచులను వేలితో అదిమి అతికించండి. లీకు మూసుకుంటే చప్పుడూ తగ్గుతుంది, ఆయనకు నిద్రా పడుతుంది. తగ్గకపోతే కట్టు కట్టినవాళ్ళకు ఫోన్ చేయండి. మిషన్ ఎంత బలంగా లాగుతోందో చూపే అంకె తెర మీద ఎంత ఉంది?

శ్రోత: 125 సార్.

డాక్టర్: మామూలుగా పెట్టేది అంతే. దాన్ని మార్చవద్దు. రెండు మూడు రోజులకొకసారి కట్టు మార్చేటప్పుడు ఎన్ని స్పాంజి ముక్కలు పెట్టారో అన్నీ తీశారా అని అడగండి. ఒక్క ముక్క లోపల మిగిలినా పుండు మళ్ళీ చెడుతుంది. ఆ కాలు నేల మీద మోపనివ్వకండి, షుగర్ అదుపులో పెట్టండి. నడుస్తూ ఉంటే ఏ మిషన్ పెట్టినా అరికాలి పుండు మానదు.

శ్రోత: డబ్బాలో కాస్త ఎరుపు కనిపించింది సార్.

డాక్టర్: లేత గులాబీ రంగు నీరైతే భయం లేదు. చిక్కటి ఎర్రటి రక్తం గొట్టంలో పారుతుంటే మాత్రం వెంటనే మిషన్ ఆపండి. స్పాంజి పీకవద్దు. పైనుంచి గట్టిగా అదిమి పట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మాత్రలు ఏమైనా వాడుతున్నారా?

శ్రోత: గుండెకు ఏవో వేసుకుంటారు సార్.

డాక్టర్: ఈ సంగతి ఆపరేషన్ చేసినవాళ్ళకు చెప్పారా?

శ్రోత: లేదు సార్.

డాక్టర్: మాత్రలు మీ అంతట మీరు ఆపవద్దు. ఫోన్ పెట్టగానే మందుల చీటీలోని పేర్లు వాళ్ళకు చదివి వినిపించండి. రేపటిదాకా ఆగవద్దమ్మా.