ఒక నాణెం, ఇద్దరు స్నేహితులు: ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ను నిదానంగా చూద్దాం

నమస్కారం. 2011లో మాథ్యూ వాన్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎక్స్-మెన్: ఫస్ట్ క్లాస్’ నాకు అత్యంత ప్రియమైన సూపర్ హీరో చిత్రం. ఒక స్నేహం ఎలా విరిగిపోయిందో తెర మీద చెప్పడం నేర్చుకోవాలనుకునే వారు అందులోని ఒక చిన్న నాణేన్ని వెంబడిస్తే చాలు. ఈ వీడియోలో మనం చేయబోయేది అదే. కథ చివరి దాకా చెబుతాను కనుక, చూడని వారు ముందు చిత్రం చూసి రండి. అయినా పరుల మనసుల్లోకి వెళ్ళగల చార్ల్స్, లోహాన్ని తాకకుండానే కదిలించగల ఎరిక్ అనే ఈ ఇద్దరూ ప్రొఫెసర్ ఎక్స్, మాగ్నీటోలుగా ఎదురెదురు నిలుస్తారని 2000లో వచ్చిన మొదటి చిత్రం నాటి నుంచీ అందరికీ తెలుసు. కర్ణుడు ఏమవుతాడో తెలిసి కూడా తెల్లవార్లూ పద్యనాటకం చూసిన వాళ్ళం మనం, కాబట్టి అది అడ్డు కాదు.

ముందుగా 1944 నాటి సన్నివేశం పెట్టుకోండి. పోలండ్‌లోని నాజీ నిర్బంధ శిబిరంలో షా అనే దుర్మార్గుడు బాలుడైన ఎరిక్ ముందు ఒక నాణెం ఉంచి, దాన్ని కదిలించకపోతే తల్లిని కాల్చేస్తానని చెప్పి, మూడు వరకు లెక్కిస్తాడు. నాణెం కదలదు. తుపాకీ పేలిన తర్వాతే ఎరిక్ కోపానికి గదిలోని లోహమంతా నలిగిపోతుంది. ఈ సన్నివేశాన్ని మధ్యలో ఆపి, కెమెరా ఎటు తిరిగిందో గమనించండి: అంతవరకు మామూలు ఆఫీసులా కనిపించిన ఆ గదికి అవతలి వైపు, అద్దం వెనక, కోతకు వాడే పరికరాలు ఉన్నాయని దర్శకుడు కావాలనే ఆలస్యంగా చూపుతాడు.

ఇప్పుడు 1962కు, చార్ల్స్ భవనంలోని శిక్షణ దగ్గరకు రండి. దూరాన ఉన్న పెద్ద డిష్ యాంటెన్నాను తిప్పలేక అలసిపోయిన ఎరిక్ మనసులోకి, అతని అనుమతితోనే, చార్ల్స్ ప్రవేశించి, తల్లితో కలిసి దీపాలు వెలిగించిన ఒక జ్ఞాపకాన్ని వెలికి తీస్తాడు. ఇద్దరి కళ్ళూ చెమరుస్తాయి, యాంటెన్నా తిరుగుతుంది. చార్ల్స్‌గా మెకవాయ్, ఎరిక్‌గా ఫాస్‌బెండర్‌ల నటనలో నేను పదేపదే చూసే ఘట్టం ఇదే. కోపానికీ ప్రశాంతతకూ నడుమ ఉన్న చోటే నిజమైన ఏకాగ్రత అని చార్ల్స్ నేర్పిన ఆ పాఠంతోనే ఎరిక్ తర్వాత క్యూబా తీరాన షా జలాంతర్గామిని నీటిలో నుంచి పైకి లేపుతాడు; అదే చేత్తో, అమెరికా, సోవియట్ నౌకలు ఒడ్డున ఉన్న ఎరిక్, చార్ల్స్ బృందం మీదికి వదిలిన క్షిపణులను వెనక్కి తిప్పుతాడు. ఎరిక్‌కు ఆ బలం ఇచ్చింది స్నేహితుడే.

జలాంతర్గామిలో నాణెం మళ్ళీ కనిపిస్తుంది. చార్ల్స్ దూరం నుంచే షా మనసును పట్టి ఉంచి, అతన్ని కదలకుండా చేస్తాడు. పరుల మనశ్శక్తి సోకకుండా కాపాడే శిరస్త్రాణాన్ని ధరించి, చార్ల్స్ మాట వినబడని ఎరిక్, మూడు వరకు లెక్కించి, ఆ నాణేన్ని షా నుదుటిలోకి నెమ్మదిగా పంపుతాడు. పట్టు వదిలితే షా చేతిలో ఎరిక్ చనిపోతాడు. వదలకపోతే హత్యలో తానూ భాగస్వామి అవుతాడు. చార్ల్స్ వదలడు. నాణెం షా తలలో దిగుతుండగా బయట అరుస్తున్నది చార్ల్స్, కనుక ఈ రెండు షాట్లనూ కలిపిన ఎడిటింగ్‌ను కనీసం రెండు సార్లు చూడండి. నా దృష్టిలో వారి స్నేహం ఇక్కడే ముగిసింది. ఒడ్డున జరిగేది మిగిలిన లాంఛనం.

ఒడ్డున నౌకల్లోని వాళ్ళు ఆజ్ఞలు పాటిస్తున్నవారేనని చార్ల్స్ అనడం, ఆజ్ఞలు పాటించిన నాజీల శిబిరం నుంచి వచ్చిన మనిషి దగ్గర అనకూడని ఒకే ఒక మాట. కాసేపటికి ఎరిక్ పక్కకు తోసిన తూటా చార్ల్స్ వెన్నులో దిగుతుంది. ఎరిక్ దాన్ని బయటికి తీసి, అతన్ని ఒడిలోకి తీసుకుని, కాల్చిన సీఐఏ ఏజెంట్ మోయిరాను నిందిస్తాడు. ఇది చేసింది ఆమె కాదు, నువ్వేనని చార్ల్స్ చెప్పే ఆ క్షణాన్ని శబ్దం పూర్తిగా తీసేసి, ఎరిక్ ముఖం మీదే దృష్టి పెట్టి ఒకసారి చూడండి.