రైలెక్కేవాళ్లకి పార్కింగ్ ఫీజు, రోడ్డు మీద ఆపేవాళ్లకి ఫ్రీ: ఇదేం లెక్క?

హైదరాబాద్‌లో పార్కింగ్ ఫీజులు, రోడ్ల మీద కార్లు తగ్గించడం గురించి స్టూడియోలో జరిగిన చర్చ ఇది. ఒకరి మాటకి అడ్డొచ్చి ఇంకొకరు మాట్లాడిన చోట్ల విడగొట్టి రాశాను, మిగతా చోట్ల మాటల తీరు మార్చలేదు. డ్రైవర్ గారి బస్టాపు మాటలు మాత్రం ఒక్క ముక్క కూడా కత్తిరించలేదు, అవి పూర్తిగా చదవాల్సినవి. పాల్గొన్నవాళ్లు ఐదుగురు: నాగోల్‌లో ఉండే ఒక ఉద్యోగిని, హిమాయత్‌నగర్‌లో బట్టల షాపు నడిపే పెద్దాయన, రిటైరైన ఆర్టీసీ సిటీ బస్సు డ్రైవర్, రవాణా ప్లానింగ్ చదివి అదే పని చేస్తున్న ఒక మేడం, ఇరుకు గల్లీలున్న కాలనీలో అపార్ట్‌మెంట్‌లో ఉండే ఒకాయన.

యాంకర్: నమస్కారం. సూటిగా అడిగేస్తాను. రోడ్డు పక్కన బండి ఆపితే గంటకింత అని కార్పొరేషన్ అడిగితే కడతారా? అమ్మా, మీరు చెప్పండి.

ఉద్యోగిని: కడతానండీ. ఇప్పుడు రైలెక్కడానికే కడుతున్నాను కదా. రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం పోతాను. స్కూటీ స్టేషన్ దగ్గర పెట్టి మెట్రో ఎక్కుతాను. అక్కడ ఏళ్ల తరబడి ఫ్రీగా పెట్టుకున్నాం. 2024 ఆగస్టులో డబ్బులు కట్టాలన్నారు, జనం గొడవ చేశారు, కొన్నాళ్లు వాయిదా వేశారు, ఆ తర్వాత మొదలుపెట్టారు. లెక్క చెప్తాను వినండి. 2025 మేలో చార్జీలు పెంచి, తర్వాత పది శాతం తగ్గించాక, ఆ చివర నుంచి ఈ చివరకి టికెట్ 69 రూపాయలైంది. రానూపోనూ 138. దాని మీద పార్కింగ్. అదే స్కూటీ మీద పోతే రెండు వైపులా కలిపి 55 కిలోమీటర్లు, నా బండి లీటరుకి 45 ఇస్తుంది, పెట్రోలు దాదాపు 130 రూపాయలవుతుంది. మా ఆయన వెనక కూర్చుంటే ఇద్దరికీ కలిపి అదే 130. మరి రైలెందుకెక్కాలి?

యాంకర్: మరి ఎందుకెక్కుతున్నారు?

ఉద్యోగిని: నడుము నొప్పి. రోజుకి మూడు గంటలు స్కూటీ మీద కూర్చోలేను. ఆ నొప్పి లేని కుర్రాళ్లు రైలు మానేసి మళ్లీ బైకుల మీదకి వెళ్లిపోయారు, మా ఆఫీసులోనే ఇద్దరున్నారు.

ప్లానర్: ఆవిడ చెప్పిన లెక్క దగ్గరే ఆగుదాం, అసలు విషయం అక్కడే ఉంది. ఒక కారు ఆపడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, అయిదు మీటర్ల పొడవు జాగా కావాలి. మన లెక్కలో 15 గజాలు. హిమాయత్‌నగర్‌లోనో, అమీర్‌పేటలోనో మెయిన్ రోడ్డు మీద గజం ఎంత పలుకుతుందో మీకందరికీ తెలుసు, లక్ష దాటిన మాట. అంటే పదిహేను లక్షలకి పైగా విలువ చేసే జాగాని పొద్దున్నుంచి రాత్రి దాకా ఒక ఖాళీ కారు కోసం ఊరికే ఇచ్చేస్తున్నాం. అదే రోడ్డు మీదకి బండి తేకుండా, స్టేషన్ దగ్గర పెట్టి రైలెక్కేవాళ్ల దగ్గర మాత్రం ఫీజు తీసుకుంటున్నాం. ఇది తలకిందులుగా ఉందండీ. 2006లో వచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానంలోనే రాశారు, పార్కింగ్ ఫీజు ఆ జాగా విలువకి తగ్గట్టు ఉండాలి, దానివల్ల జనం బస్సులకి, రైళ్లకి మళ్లాలి అని. అది రాసి ఇరవై ఏళ్లయింది.

షాపు యజమాని: మేడం, మీరు గజాల లెక్క చెప్తే నేను గల్లాపెట్టె లెక్క చెప్తాను. మాల్‌కి పోతే అరగంట ఫ్రీ. ఏదైనా బిల్లు చూపిస్తే గంట ఫ్రీ. బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువైతే గంట దాటినా ఫ్రీయే. 2018లో ప్రభుత్వమే జీవో ఇచ్చింది. మా షాపు ముందేమో మీటరు పెడతామంటారు. చీర చూడటానికి వచ్చిన ఆవిడ మా దగ్గర రెండు గంటలు కూర్చుంటుంది. నలభై చీరలు విప్పించి రెండు తీసుకుంటుంది, అది మా వ్యాపారం. బయట టైమ్ గడుస్తోందని టెన్షన్ పడితే ఆవిడ చీర చూస్తుందా, గడియారం చూస్తుందా?

డ్రైవర్: సేటూ, ఒక్క మాట అడగనా? పొద్దున పది గంటలకి మీ షాపు ముందు ఎవరి బండ్లుంటాయి?

షాపు యజమాని: (కాసేపు ఆగి) అబద్ధం ఎందుకు చెప్పాలి. నా కారు ఉంటుంది. మా పనివాళ్ల బైకులు ఆరు. పక్క మందుల షాపతని కారు. తొమ్మిదిన్నరకి వచ్చి పెడతాం, రాత్రి తొమ్మిదిన్నరకి తీస్తాం.

డ్రైవర్: అంటే చీరలకి వచ్చే ఆవిడకి ఇప్పుడు కూడా జాగా లేదు.

షాపు యజమాని: లేదు. వాళ్లాయన కారులోనే కూర్చుని ఆ వీధి చుట్టూ తిరుగుతూ ఉంటాడు. పోలీసులు వచ్చినప్పుడల్లా నలుగురం బయటికి పరుగెత్తుతాం, లేకపోతే వీల్ లాక్ వేస్తారు.

ప్లానర్: ఫీజు వల్ల మొదట మేలు జరిగేది మీకేనండీ, మనస్ఫూర్తిగా చెప్తున్నాను. మొదటి అరగంట ఫ్రీ, తర్వాత గంట గంటకి పెరిగే ఫీజు పెడితే పన్నెండు గంటలు కదలని బండి అక్కడ ఉండదు. ఆ జాగాలో రోజుకి ఎనిమిది మంది కస్టమర్లు వచ్చి పోతారు.

షాపు యజమాని: మరి నా కారెక్కడ పెట్టాలి? మా కాంప్లెక్స్‌కి సెల్లార్ ఉంది, నిజమే, కానీ అందులో సగం గోడౌన్లు అయిపోయాయి. నా స్టాకు కూడా అందులోనే ఉంది.

కాలనీ వాసి: ఊళ్లో సగం కాంప్లెక్సుల కథ ఇదే కదా సార్. ప్లాన్‌లో పార్కింగ్ అని చూపిస్తారు, తర్వాత అక్కడ టైలర్ షాపు, జిరాక్స్ సెంటర్ వస్తాయి. 2012లో వచ్చిన 168 జీవోలో ఏ బిల్డింగ్‌కి ఎంత పార్కింగ్ వదలాలో పట్టిక వేసి మరీ రాశారు. ఆ సెల్లార్లు ఖాళీ చేయించకుండా రోడ్డు మీద ఫీజు పెడితే జనం ఒప్పుకోరు.

యాంకర్: బండి ఆపగానే చిట్టీ చేతిలో పెట్టి పార్కింగ్ డబ్బులడిగే వసూళ్ల మీద మాకు చాలా మెసేజ్‌లు వచ్చాయి. ఫీజు అనగానే అందరికీ మొదట అవే గుర్తొస్తున్నాయి.

ఉద్యోగిని: నాకూ అయింది అది. ఒక బజారులో, పేరు చెప్పను, స్కూటీ స్టాండ్ వేస్తుంటేనే ఒక కుర్రాడు వచ్చి చిట్టీ చేతిలో పెట్టాడు. దాని మీద తారీఖు లేదు, టైమ్ లేదు, ఎవరి స్టాంపూ లేదు, ఇరవై అని పెన్నుతో రాసి ఉంది. ఎందుకని అడిగితే ‘ఇష్టమైతే పెట్టండి అక్కా, లేకపోతే తీసేయండి’ అన్నాడు. ఇరవై రూపాయలు పోతే పోయాయి, కానీ తిరిగొచ్చేసరికి నా బండి అక్కడ లేదు. రెండు గజాల దూరం జరిపి, కాలవ అంచున పెట్టారు, అద్దం విరిగిపోయింది. ఆ కుర్రాడూ లేడు. ఎవరికి చెప్పుకోవాలి? అందుకే, కడతావా అని మీరడిగితే కడతాను అంటున్నాను, కానీ నాకు టైమ్ ఉన్న రసీదు కావాలి. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలియాలి. చేతికి డబ్బులిచ్చే పద్ధతే ఉండకూడదు.

కాలనీ వాసి: మా కాలనీ సంగతి వేరుగా ఉంటుంది. మా ఫ్లాటుకి ఒక పార్కింగ్ ఇచ్చారు, మాకు రెండు కార్లున్నాయి. రెండోది గల్లీలో పెడతాను. నేనే కాదు, అందరూ అంతే. పొద్దున కారు తీస్తే ఆ జాగాలో రెండు రాళ్లు, ఒక పూలకుండీ పెట్టి పోతాం, ఇంకెవరూ పెట్టకుండా. దాని మీద ఎన్ని గొడవలయ్యాయో. పోయినేడు మా నాన్నకి అర్ధరాత్రి ఆయాసం వచ్చింది. అంబులెన్స్ గల్లీ మొదట్లోనే ఆగిపోయింది. రెండు వైపులా కార్లే. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు, ఎవరిని లేపాలో తెలియదు. చివరికి స్ట్రెచర్ మీద మోసుకుపోయాం, మా వాచ్‌మన్, నేను, ఇంకో ఇద్దరు. మోస్తూ మోస్తూ నా రెండో కారు పక్క నుంచే పోయాం. స్ట్రెచర్ తిరగలేదక్కడ. పక్కకి వంచి తీయాల్సి వచ్చింది. నాన్న బాగానే ఉన్నారు. కానీ ఆ కారు... నెలకి మూడుసార్లు కూడా తీయమండీ దాన్ని.

(ఇక్కడ ఎవరూ కాసేపు మాట్లాడలేదు.)

ప్లానర్: జపాన్‌లో 1962 నుంచి చట్టం ఉంది, కారు కొనాలంటే పెట్టుకోవడానికి జాగా ఉందని ముందు చూపించాలి. మన దగ్గర షోరూమ్‌లో ఆ ఒక్క ప్రశ్న తప్ప అన్నీ అడుగుతారు.

యాంకర్: డ్రైవర్ గారూ, మీరు చాలాసేపటి నుంచి ఏదో చెప్పాలని చూస్తున్నారు.

డ్రైవర్: అందరూ షాపు గురించి, ఇంటి గురించి చెప్పారు. నేను బస్సు గురించి చెప్తాను. కోఠి నుంచి కొండాపూర్ పోయే 127 కే మీద చాలా ఏళ్లు చేశాను. బస్సు నలభై అడుగుల బండి. దాన్ని స్టాపులో ఎడమ పక్కకి పూర్తిగా ఆనించి ఆపాలి, మాకు ట్రైనింగ్‌లో నేర్పింది అదే. కానీ స్టాపు ముందు రెండు కార్లు, నాలుగు ఆటోలు, ఒక బండ్ల వరస. నేనేం చేయాలి? రోడ్డు మధ్యలో ఆపుతాను. వెనక ఉన్నవాళ్లంతా నన్ను తిడతారు. స్టాపులో ఉన్న జనం ఆ కార్ల సందులోంచి, బస్సుకీ ఫుట్‌పాత్‌కీ మధ్య దూరే బైకులని తప్పించుకుంటూ పరుగెత్తి రావాలి. ఒక పెద్దావిడ ఉండేది, రోజూ పొద్దున ఎక్కేది, చేతిలో టిఫిన్ సంచి, మోకాళ్ల నొప్పులు. ఫుట్‌పాత్ పక్కనే ఆపితే మొదటి మెట్టు ఆవిడకి అందుతుంది. రోడ్డు మీద నుంచి ఎక్కాలంటే ఆ మెట్టు మోకాలికి పైన ఉంటుంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని, ముందు సంచి లోపల పెట్టి, ఆ తర్వాత కాలు ఎత్తేది. నేను బ్రేకు మీద కాలేసి అద్దంలో చూస్తూ ఉండేవాణ్ణి, వెనక నుంచి హారన్లు. ఒక రోజు ఎక్కలేక చెయ్యి ఊపేసింది, పొమ్మని. ఆ తర్వాత కనబడలేదు. ఆటోలో పోయిందో, పని మానేసిందో. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది, మంచిదే, బస్సులు నిండిపోయాయి. కానీ టికెట్ ఫ్రీ అయితే సరిపోదు కదా బిడ్డా, బస్సు దాకా రావడానికి దారి కావాలి. ఒక్క కారు ఆ స్టాపులో ఆపితే అరవై మంది నడిరోడ్డు మీద ఎక్కాలి. ఆ కారాయన దగ్గర ముందు ఫీజు తీసుకోండి. ఆ తర్వాత మెట్రో ఎక్కే పిల్లని అడగండి.

ఉద్యోగిని: పెద్దాయన చెప్పినదే నా మాట కూడా.

యాంకర్: సరే, ఫీజు పెట్టారనుకుందాం. ఆ డబ్బు ఎక్కడికి పోవాలి?

ప్లానర్: అదే వీధికి రావాలి. కార్పొరేషన్ పెద్ద ఖాతాలో కలిపేస్తే జనానికి ఇంకో పన్ను లాగే కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ అనే ఊళ్లో 2012 నుంచి ఆఫీసుల్లో ఉండే పార్కింగ్ జాగాల మీద యాజమాన్యాల దగ్గర ఏటా ఫీజు తీసుకుంటున్నారు. ఆ డబ్బు పెట్టి ట్రామ్ లైన్లు పొడిగించారు. అక్కడ కూడా మొదట్లో వ్యాపారులు గట్టిగా వ్యతిరేకించారు. కానీ డబ్బు ఎటు పోయిందో పట్టాల మీద కనిపిస్తుంది. మన దగ్గర హిమాయత్‌నగర్‌లో వసూలైన డబ్బుతో హిమాయత్‌నగర్ ఫుట్‌పాత్ బాగుపడాలి, అక్కడి బస్టాపుకి నీడ రావాలి, కాలనీ లోపల నుంచి మెట్రో దాకా చిన్న బస్సులు తిరగాలి. ఇది నేను గట్టిగా నమ్మే విషయం.

కాలనీ వాసి: చిన్న బస్సు వస్తే నేను రెండో కారు అమ్మేస్తాను. పది నిమిషాలకొకటి రావాలి కానీ, వస్తుందో రాదో అని నిలబడేలా ఉండకూడదు. ఇంటి నుంచి స్టేషన్‌కి కిలోమీటరున్నర. ఆ కిలోమీటరున్నర కోసమే కారు తీస్తున్నాను, తీశాక ఇంక ఆఫీసు దాకా అందులోనే పోతున్నాను.

షాపు యజమాని: నాదొక షరతు ఉంది. నాతో కట్టించుకోండి, నా కస్టమర్‌తో కూడా కట్టించుకోండి. కానీ జెండా ఉన్న కారు, సైరన్ పెట్టుకున్న కారు, లీడరు గారి మనుషుల కార్లు మూడు వరసగా ఆపి, ‘తెలుసా ఎవరిదో’ అంటే వదిలేయొద్దు. ఒక్క రోజు వదిలేసినా రెండో రోజు నేను కూడా కట్టను.

డ్రైవర్: అది న్యాయమైన మాట సేటూ.

యాంకర్: మరి సెల్లార్‌లో మీ స్టాకు?

షాపు యజమాని: తీస్తాను. పండగ సీజన్ కాగానే తీస్తాను. నేనొక్కణ్ణే తీస్తే లాభం లేదు, కాంప్లెక్స్‌లో పదకొండు షాపులున్నాయి. అందరికీ ఒకేసారి నోటీసు ఇవ్వమనండి.

ఉద్యోగిని: యాంకర్ గారూ, ఇంకెంతసేపుంది? పార్కింగ్‌లో పెట్టి చాలాసేపైంది, ఇంకాస్త దాటితే తర్వాతి రేటు పడుతుంది.

యాంకర్: అయిపోయింది అమ్మా, మీరు బయల్దేరండి. పెద్దాయనా, మీరెలా వెళ్తారు?

డ్రైవర్: బస్సుకే. ఇక్కడ స్టాపు ఎడమ పక్క ఖాళీగానే ఉంది, వచ్చేటప్పుడు చూసుకున్నాను.