డిశ్చార్జ్ అయింది కదా అని కంటి పరీక్ష మానొద్దు: నెల తక్కువ బిడ్డల్లో ఆర్‌ఓపీ

(తెర మీద: ఎన్‌ఐసీయూ, అంటే పసిబిడ్డల ఐసీయూలో వార్మర్, పక్కన మానిటర్)

నెలలు నిండకుండా పుట్టి బాక్సులో పెట్టిన బిడ్డకు కళ్ల పరీక్ష రాస్తే, "కళ్లు బాగానే తెరుస్తున్నాడుగా, ఎందుకు?" అంటారు ఇంట్లోవాళ్లు. ఈ జబ్బు పైకి కనిపించదు. కన్ను ఎర్రబడదు, పుసి కట్టదు. నల్లగుడ్డు మధ్యలో తెల్లగా కనిపించే నాటికి కంటి వెనక పొర, అంటే రెటీనా, ఊడిపోయి ఉంటుంది. దీన్నే రెటినోపతీ ఆఫ్ ప్రిమెచ్యూరిటీ, క్లుప్తంగా ఆర్‌ఓపీ అంటారు.

(తెర మీద: కంటి వెనక భాగం బొమ్మ, అంచులకు పాకుతున్న రక్తనాళాలు)

కడుపులో 16వ వారం ప్రాంతంలో కంటి నరం దగ్గర మొదలైన రక్తనాళాలు ముక్కు వైపు అంచుకు 36 వారాలకు, చెవి వైపు అంచుకు 40 వారాలకు చేరతాయి. 29 వారాలకే పుట్టిన బిడ్డలో ఆ పని ఇంకా మిగిలే ఉంటుంది. కడుపులో కంటే బయట ఆక్సిజన్ ఎక్కువ కాబట్టి నాళాల పెరుగుదల ఆగిపోతుంది. కొన్ని వారాలకు, నాళాలు చేరని రెటీనా ఆక్సిజన్ చాలక వీఈజీఎఫ్ అనే ప్రోటీన్‌ను విడుదల చేస్తుంది. దాంతో బలహీనమైన కొత్త నాళాలు అడ్డదిడ్డంగా మొలిచి, చివరికి రెటీనాను లాగేస్తాయి.

(తెర మీద: మానిటర్‌పై 100)

ఈ అంకె చూసి ఇంట్లోవాళ్లు సంతోషిస్తారు. ఆక్సిజన్ మీద ఉన్న నెల తక్కువ బిడ్డకు ఇది మంచి అంకె కాదు. శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 90–95 మధ్య ఉండాలి. అలాగని మరీ తగ్గించకూడదు: 2010లో వెలువడిన సపోర్ట్ ట్రయల్ అనే వైద్య పరిశోధనలో 85–89 మధ్య ఉంచిన బిడ్డల్లో తీవ్రమైన ఆర్‌ఓపీ తగ్గింది, మరణాలు పెరిగాయి. జిల్లాల నుంచి హైదరాబాద్‌కు తెచ్చేటప్పుడు ఆక్సిజన్‌లో గాలి కలిపే బ్లెండర్ లేని అంబులెన్సులో సిలిండర్ నుంచి నేరుగా 100 శాతం ఆక్సిజన్ వెళ్లడం మన దగ్గరి ఇబ్బంది. ఇక కంటి పరీక్ష ఎవరికంటే, అమెరికాలో కొలబద్ద పుట్టినప్పటి బరువు 1500 గ్రాములు, లేదా 30 వారాలు. మన దగ్గర అంతకంటే బరువున్న బిడ్డలకూ ఆర్‌ఓపీ వస్తోంది కాబట్టి 2000 గ్రాముల లోపు, లేదా 34 వారాల లోపు పుట్టినవాళ్లందరికీ పరీక్ష చేయాలి. 34–36 వారాల బిడ్డ అయినా ఆక్సిజన్, ఇన్ఫెక్షన్, రక్తం ఎక్కించడం లాంటివి ఉంటే చేయించాలి.

మొదటి పరీక్ష పుట్టిన 30 రోజుల్లోపు. 28 వారాల లోపు లేదా 1200 గ్రాముల లోపు అయితే 2–3 వారాలకే. లెక్క పుట్టిన తేదీ నుంచి, డిశ్చార్జ్ నుంచి కాదు. పొరపాటు జరిగేది ఇక్కడే. 18వ రోజున డిశ్చార్జ్ అయి బాలింత మహబూబ్‌నగర్‌లో పుట్టింటికి వెళ్తుంది. పసిబిడ్డను బయటికి తీయొద్దని పెద్దలు ఆపుతారు, ఈలోగా 30 రోజులూ దాటిపోతాయి. ఈ ఒక్క ప్రయాణానికి మినహాయింపు ఇవ్వండి. బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో పరీక్షా, లేజర్ చికిత్సా రెండూ ఉన్నాయి.

(తెర మీద: చుక్కల మందు, రెప్పలు తెరిచి పట్టే చిన్న వైరు స్పెక్యులం)

పరీక్షకు గంట ముందు పాలు ఆపాలి. కంటిపాప పెద్దది చేసే పెద్దవాళ్ల చుక్కల్లో సాధారణంగా ట్రోపికమైడ్ 0.8, ఫెనైలెఫ్రిన్ 5 శాతం ఉంటాయి. పసికందుకు అది ఎక్కువ, సగానికి పలచన చేసి వాడాలి. 10–15 నిమిషాల తేడాతో 2–3 సార్లు ఒక్కో చుక్క, చెంపకు కారింది వెంటనే తుడవాలి. తుడవకపోతే చర్మం గుండా లోపలికెళ్లి బీపీ పెరగొచ్చు, కడుపు ఉబ్బొచ్చు. కంటిపాప పెద్దది కావట్లేదని చుక్కలు వేస్తూ పోకూడదు. అది ముదిరిన ఆర్‌ఓపీ లక్షణమూ కావచ్చు. స్పెక్యులం పెట్టినప్పుడు గుండె వేగం తగ్గొచ్చు కాబట్టి నర్సు పక్కన ఉండి ఆక్సీమీటర్ చూస్తుండాలి. బిడ్డను గుడ్డలో చుట్టి, నాలుక మీద కొద్దిగా తల్లిపాలు వేస్తే నొప్పి తగ్గుతుంది.

రిపోర్టులో మూడు చూడండి: జోన్, స్టేజ్, ప్లస్. జోన్ 1 రెటీనా మధ్యభాగం, అక్కడుంటే ప్రమాదం ఎక్కువ. స్టేజ్ 1, 2 చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. నాళాలు ఉబ్బి మెలికలు తిరగడం ప్లస్. జోన్ 1లో ప్లస్ ఉన్నా, జోన్ 2లో స్టేజ్ 2 లేదా 3తో ప్లస్ ఉన్నా చికిత్స 48–72 గంటల్లో జరగాలి. నాళాలు లేని భాగాన్ని లేజర్‌తో కాలిస్తే వీఈజీఎఫ్ తగ్గుతుంది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్ కంట్లోకి ఇస్తే వేగంగా పనిచేస్తుంది గానీ, జబ్బు నెలల తర్వాత తిరిగి రావొచ్చు. అందుకే ఇంజెక్షన్ తీసుకున్న బిడ్డను వదలకుండా చూపించాలి. స్టేజ్ 4, 5లో ఆపరేషనే, చూపు మీద ఆశ తక్కువ.

డిశ్చార్జ్ కాగితంలో "కంటి పరీక్షకు రావాలి" అని మాత్రమే ఉంటే సరిపోదు. తేదీ, ఆసుపత్రి పేరు, ఫోన్ నంబరు రాయించుకోండి. పరీక్ష అయ్యాక తర్వాతి తేదీ కూడా, అది వారమైనా రెండు వారాలైనా.