చెవిలో నూనె పోయకముందు

శ్రోతలందరికీ నమస్కారం.

అక్టోబరులో ఈశాన్య రుతుపవనాలు వచ్చి చెన్నైలో వానలు పట్టుకున్నాయంటే ఇంటింటా జలుబులు మొదలవుతాయి. జలుబు చేసిన మూడో నాడో నాలుగో నాడో, అదీ సరిగ్గా అర్ధరాత్రి వేళ, పిల్లవాడు చెవి పట్టుకుని ఏడుపు లంకించుకుంటాడు. ఆ వేళప్పుడు డాక్టరు దొరకరు. పక్కింటివాళ్ళు నూనెలో రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి పోయమంటారు. ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఫోన్లో ఉల్లిపాయ రసం పిండమంటుంది. ఇంకొకరు తులసాకు రసం అంటారు, మరొకరు తల్లిపాలు అంటారు. అందరూ ప్రేమకొద్దీ చెప్పేవాళ్ళే. అయినా ఒక్క మాట ముందే చెప్పేస్తాను, దయచేసి గుర్తుంచుకోండి. చెవిపోటుకి ఇంట్లో చేసే వైద్యమంతా చెవి బయటే జరగాలి. రంధ్రంలోకి మాత్రం ఏమీ పోయకూడదు, ఏమీ పెట్టకూడదు.

ఎందుకంటారా? చెవి రంధ్రం నుంచి లోపలికి, పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున సన్నటి దారి ఉంటుంది. దాని చివర కర్ణభేరి అనే పలుచని పొర. ఆ పొర వెనక గాలి నిండిన చిన్న గది, అదే మధ్యచెవి. ఆ గది నుంచి ముక్కు వెనక భాగానికి ఒక సన్నటి గొట్టం వెళుతుంది. పెద్దవాళ్ళలో అది ఏటవాలుగా ఉంటుంది. పసిపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన పిల్లలకి చెవిపోటు అంత తొందరగా వస్తుంది. గొట్టం వాచి మూసుకుపోతుంది, గదిలో నీరు చేరుతుంది, అందులో చీము పడుతుంది. ఆ చీము కర్ణభేరిని లోపలి నుంచి బయటికి నెడుతుంటే పుట్టేదే ఆ భరించలేని పోటు.

చీము పొరకి అవతల ఉంది, మనం పోసే నూనె ఇవతలే ఆగిపోతుంది. అవతలికి చేరిందీ అంటే కర్ణభేరికి చిల్లు పడిందన్న మాట. అప్పుడు నూనె పోయడం మరీ ప్రమాదం. కాచిన నూనెతో ఇంకో ముప్పు కూడా ఉంది. గరిటె అంచున వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగానే తోస్తుంది గానీ, వేలి చర్మం వేరు, చెవి లోపలి చర్మం వేరు. అక్కడ చర్మం కాగితమంత పలుచన, కాలిందంటే బొబ్బలు లేస్తాయి. మరి నూనె పోస్తే హాయిగా ఉందంటారే అని అడగవచ్చు. ఆ హాయి వెచ్చదనానిది. ఆ వెచ్చదనాన్ని చెవి బయటి నుంచే ఇవ్వవచ్చు.

అది కాపడం. శుభ్రమైన మెత్తటి గుడ్డ నాలుగు మడతలు వేసి, వేడినీళ్ళలో ముంచి, చుక్క నీరు కారకుండా గట్టిగా పిండండి. మీ ముంజేతి లోపలివైపు అర నిమిషం ఆనించి చూసుకోండి. చురుక్కుమంటే ఆగండి. వెచ్చగా, సుఖంగా అనిపిస్తేనే చెవి డిప్ప మీద, చెవి కింద దవడ దగ్గర ఆనించండి. పది, పదిహేను నిమిషాలు చాలు, రెండు మూడు గంటల తర్వాత మళ్ళీ పెట్టవచ్చు. పెనం మీద వేయించిన ఉప్పు మూట కూడా పనికొస్తుంది గానీ మూట మధ్యలో వేడి దాగి ఉంటుంది. అందుకని మూటని బాగా కుదిపి, చేతి మీద పరీక్షించాకే పెట్టాలి. నిద్రపోతున్న పిల్లల చెవి కింద వేడి సంచీ పెట్టి వదిలేయకండి. చెవి కారుతుంటే మాత్రం తడిగుడ్డ వద్దు, పొడి కాపడమే పెట్టండి.

నొప్పికి అసలు మందు పారాసిటమాల్. ఇక్కడ పొరపాటు ఎక్కువగా జరిగేది కొలతలోనే. పిల్లలకి మోతాదు వయసుని బట్టి కాదు, బరువుని బట్టి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, ఆరు గంటలకొకసారి, 24 గంటల్లో నాలుగుసార్లు మించకుండా. 10 కిలోల పిల్లకి ఒక మోతాదు 150 మిల్లీగ్రాములు దాటకూడదు. ఇప్పుడు సీసా చూడండి. 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాములు ఉన్న సిరప్ అయితే ఆ పిల్లకి 3 మిల్లీలీటర్లు. 5 మిల్లీలీటర్లలో 120 ఉన్నదైతే సుమారు 6. పసిపిల్లల చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటాయి కాబట్టి ఒకటిన్నర మిల్లీలీటరు. సిరప్ అనుకుని చుక్కల మందు 6 మిల్లీలీటర్లు పోస్తే ఒక్కసారిగా నాలుగింతలు పోసినట్టే, కాలేయానికి చేటు. అందుకని సీసా మీది అంకె చదివి, మందుతో వచ్చిన మూత గ్లాసుతోనో సిరంజితోనో కొలవండి. వంటింటి చెంచాలు ఒకదానితో ఒకటి సరిపోవు. జలుబు మందుల్లో కూడా చాలావాటిలో పారాసిటమాల్ కలిసి ఉంటుంది, రెండూ కలిపి ఇవ్వకండి. నాలుగేళ్ళలోపు పిల్లలకి ఆ జలుబు సిరప్‌లు అసలే వద్దు. పెద్దవాళ్ళయితే 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, ఆరు గంటల ఎడంతో. కాలేయం జబ్బు ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి వేసుకోవాలి.

చెన్నైవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. వానాకాలం ఇక్కడ డెంగీ కాలం కూడా. చెవినొప్పితో పాటు గట్టిగా జ్వరం ఉంటే ఇబుప్రొఫెన్ అనే నొప్పి మందు జోలికి వెళ్ళకండి. అది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. ఆస్పిరిన్ పిల్లలకి ఎప్పుడూ ఇవ్వకూడదు. మూడు నెలలలోపు పసిబిడ్డకి జ్వరం 100.4 ఫారెన్‌హీట్ చేరిందంటే ఇంట్లో మందు వేయకుండా అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ముక్కు సంగతి కూడా చూడాలి, ఎందుకంటే ఆ గొట్టం రెండో కొస అక్కడే ఉంది. మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ డ్రాప్స్, రెండు ముక్కుల్లో రెండేసి చుక్కలు వేస్తే జిగురు కరుగుతుంది. చీదడం ఒక ముక్కు మూసి మరో ముక్కుతో, మెల్లగా. రెండూ కలిపి గట్టిగా చీదితే ముక్కులోని చెడునీరు గొట్టంలోకి ఎక్కుతుంది. పిల్లలకి ఆవిరి పట్టకండి. మరిగే నీళ్ళ గిన్నె ఒలికి ఒళ్ళు కాలడం జరుగుతూనే ఉంటుంది, దానివల్ల చెవికి ఒరిగేదేమీ లేదు.

ఇప్పటిదాకా చెప్పింది జలుబు వెంట వచ్చే పోటు. మన ఊళ్ళో అంతే తరచుగా కనిపించేది ఇంకొకటి ఉంది, అది బయటి దారికి పట్టే జబ్బు. తేడా తెలుసుకోవడానికి ఒక పరీక్ష చేయవచ్చు. చెవి డిప్పని మెల్లగా పైకీ వెనక్కీ లాగండి. చెవి రంధ్రానికి ముందు, చెంప వైపు ఉన్న చిన్న బొడిపెని వేలితో నొక్కండి. నొప్పి ప్రాణం పోయేలా ఉంటే జబ్బు బయటి దారిలో ఉండవచ్చు. మధ్యచెవి నొప్పి అలా లాగినా నొక్కినా పెద్దగా మారదు. ఇది ఒక అంచనా మాత్రమే, డాక్టరు చెవిలో దీపం వేసి చూస్తేనే ఖాయం.

బయటి దారి జబ్బుకి మూలం తడి, గోకుడు. సముద్రస్నానం, ఈతకొలను, ఉక్కపోతలో గంటల తరబడి హెల్మెట్, చెవిలో దూర్చే ఇయర్‌ఫోన్లు. తేమకి చర్మం నానుతుంది. నానిన చర్మం దురద పెడుతుంది. దురదకి బడ్సో, పిన్నీసో, అగ్గిపుల్లో, బండి తాళంచెవో పెట్టి తిప్పుతాం. గీత పడ్డ చోట సూక్ష్మక్రిములు చేరతాయి. ఈ తేమకి బూజు కూడా పడుతుంది. తడిసిన న్యూస్‌పేపర్ ముక్క మీద నల్ల చుక్కలు పడ్డట్టు ఉంటుంది లోపల. నొప్పికన్నా దురద ఎక్కువ, చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది. నూనె పోస్తే తేమ నిలిచి ఈ బూజు ఇంకా పెరుగుతుంది. పాత చెవి చుక్కల్లో స్టెరాయిడ్ కలిసి ఉంటే అదీ బూజుకి మేలే చేస్తుంది. బూజుకి డాక్టరు ముందు చెవి శుభ్రం చేస్తారు, తర్వాత క్లోట్రిమజోల్ చుక్కల లాంటివి రెండు మూడు వారాలు వాడమంటారు. దురద తగ్గింది కదా అని నాలుగో రోజు మానేస్తే మళ్ళీ వస్తుంది.

గులిమి చెడ్డదని చాలామంది నమ్మకం. నిజానికి అది చెవికి కాపలా. దవడ కదిలినప్పుడల్లా తనంతట తాను బయటికి వస్తుంది. బడ్స్ దాన్ని బయటికి తీయవు, లోపలికి దట్టిస్తాయి.

చెవి బాగులేనన్నాళ్ళూ తలంటు మానేయండి. ఒంటికి స్నానం చేసేటప్పుడు దూది ఉండకి పైపైన వాజలిన్ రాసి, రంధ్రం ముందు ఆనించండి, లోపలికి దూర్చవద్దు. స్నానం కాగానే తీసి పారేయండి. చెవి కారుతుంటే దూదిని అలాగే వదిలేయడం తప్పు, చీము లోపలే నిలుస్తుంది. బయటికి వచ్చినంతవరకే మెత్తటి గుడ్డతో అద్దండి.

డాక్టరు చుక్కలు రాసిస్తే వేసే పద్ధతి ఇది. సీసాని రెండు నిమిషాలు అరచేతుల మధ్య పట్టుకుని వెచ్చబెట్టండి. చల్లటి మందు పడితే కళ్ళు తిరుగుతాయి. రోగిని పక్కకి పడుకోబెట్టండి. పెద్దవాళ్ళకి డిప్పని పైకీ వెనక్కీ లాగాలి, మూడేళ్ళలోపు పిల్లలకి కిందికీ వెనక్కీ. అప్పుడే దారి తిన్నగా అవుతుంది. చుక్కలు వేసి బొడిపెని నాలుగైదుసార్లు మెల్లగా నొక్కి, ఐదు నిమిషాలు అలాగే పడుకోనివ్వండి. పోయినేడాది మిగిలిన సీసా వాడకండి. జెంటామైసిన్, నియోమైసిన్ ఉన్న చుక్కలు చిల్లు పడిన చెవిలో పడితే లోపలి చెవిని దెబ్బతీసి వినికిడికే ఎసరు పెట్టవచ్చు. చిల్లు ఉందో లేదో ఇంట్లో తెలియదు.

యాంటీబయాటిక్ ప్రతి చెవిపోటుకీ అక్కర్లేదు. రెండేళ్ళు దాటిన పిల్లలకి, జ్వరం 102 లోపే ఉండి, ఒక చెవే నొప్పిగా ఉండి, చెవి కారకుండా ఉంటే, డాక్టరు నొప్పి మందిచ్చి రెండు మూడు రోజులు చూద్దామనవచ్చు. అది నిర్లక్ష్యం కాదు. చాలామందికి ఆలోగానే తగ్గిపోతుంది. ఆరు నెలలలోపు పిల్లలకి, చీము కారేవాళ్ళకి, రెండు చెవులూ పట్టిన రెండేళ్ళలోపు పిల్లలకి మాత్రం ఆలస్యం చేయరు. రాసిచ్చాక చెప్పినన్ని రోజులూ వాడాలి. మందుల షాపులో అడిగి రెండు మాత్రలు మింగి మానేయడం చాలా చెడ్డ అలవాటు.

ఒక్కోసారి విపరీతమైన నొప్పి ఉన్నట్టుండి తగ్గి, చెవి నుంచి చీమో నెత్తురు కలిసిన నీరో వస్తుంది. తగ్గిందని సంబరపడతాం. కర్ణభేరికి చిల్లు పడి చీము దారి చేసుకుందన్న మాట అది. మామూలుగా కొన్ని వారాల్లో మానుతుంది, అయినా మరునాడే చూపించాలి.

ఇవి కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. చెవి వెనక ఎముక మీద ఎర్రగా వాచి డిప్ప ముందుకి తోసుకు రావడం, మూతి ఒక పక్కకి పోవడం, నిలబడలేనంతగా కళ్ళు తిరగడం, మెడ బిగుసుకుపోవడం, పిల్ల మగతగా పడి ఉండటం, ఒక చెవి ఉన్నట్టుండి వినపడకపోవడం. చివరిది నొప్పి లేకుండా వచ్చినా సరే, మందు మొదటి రోజుల్లో పడితేనే ఉపయోగం. షుగరు ఉన్న పెద్దవాళ్ళకి రాత్రిళ్ళు నిద్ర పట్టనివ్వని చెవినొప్పి వస్తే అది ఎముకకి పాకే రకం కావచ్చు, కాపడాలతో కాలయాపన చేయకండి. సెంట్రల్ స్టేషన్ ఎదుట రాజీవ్ గాంధీ ప్రభుత్వ ఆసుపత్రిలో, స్టాన్లీలో, కీల్పాక్‌లో చెవి ముక్కు గొంతు విభాగాలున్నాయి. పిల్లలకి ఎగ్మూరు పిల్లల ఆసుపత్రి ఉంది. కదల్లేని స్థితి అయితే 108.

చెవి బాగానే ఉన్నా నొప్పి రావడమూ ఉంది. జ్ఞానదంతం, టాన్సిల్స్, దవడ కీలు, వీటి నొప్పి చెవిలో పలుకుతుంది. పొగాకు, గుట్కా అలవాటున్న నడివయసువాళ్ళకి వారాల తరబడి ఒక చెవే నొప్పిగా ఉండి, చెవిలో ఏమీ కనిపించకపోతే నోరు, గొంతు చూపించుకోవాలి.

చెవిలో పురుగు దూరితే? ఇక్కడ మాత్రం నూనె పనికొస్తుంది, అదీ చిల్లు లేదని తెలిసినప్పుడు. కాచని కొబ్బరినూనె నాలుగైదు చుక్కలు వేస్తే పురుగు కదలడం మానుతుంది. తీయడం మాత్రం డాక్టరు పని. పిల్లలు శనగగింజో చింతగింజో దూర్చుకుంటే నీళ్ళు పోయకండి, ఉబ్బి బిగుసుకుంటుంది. బొమ్మలోని బిళ్ళ బ్యాటరీ అయితే ఏ చుక్కా వేయకుండా పరుగెత్తండి. కొన్ని గంటల్లోనే లోపలి కండని కాల్చేస్తుంది.

పసిబిడ్డలున్న ఇళ్ళవాళ్ళకి కొన్ని మాటలు. నీళ్ళు పోశాక చెవుల్లో ఊదడం, నూనె చుక్కలు వేయడం మానేయండి. సాంబ్రాణి పొగ బిడ్డ ముఖానికి పట్టకండి, ఇంట్లో సిగరెట్ కాల్చనివ్వకండి, ఆ పొగకి ముక్కు లోపల వాచి గొట్టం మూసుకుపోతుంది. పాలసీసా పడుకోబెట్టి పట్టకండి, తల ఎత్తి పట్టండి. న్యుమోకోకల్ టీకా ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల, మూడూ వేయించండి. నిమోనియాతో పాటు కొన్ని చెవిపోట్లనీ అది ఆపుతుంది.

నొప్పి తగ్గాక కూడా మధ్యచెవిలో నీరు కొన్ని వారాలు నిలిచి ఉండవచ్చు. పిల్లవాడు టీవీ శబ్దం పెంచుతున్నా, వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా, క్లాసులో వినడం లేదని టీచరు అన్నా వాడిని కోప్పడకండి, వాడికి నిజంగానే వినపడకపోవచ్చు. మూడు నెలలు దాటినా అలాగే ఉంటే వినికిడి పరీక్ష చేయించండి. మాటలు నేర్చుకునే వయసు పిల్లలైతే అంతకన్నా ముందే చేయించండి.

నమస్కారం.