నీడ అంచున గాలి జాడ

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం మీకు ఒక గీత గురించి చెబుదామని వచ్చాను. 1988 జూన్ 9న పసిఫిక్ సముద్రం మీద ఎగురుతున్న విమానంలో నమోదైన గీత అది, ఒక నక్షత్రం వెలుగు తగ్గడం, పెరగడం చూపే గ్రాఫు. నాసా వాళ్ల కైపర్ విమానం, లోపల సుమారు 90 సెంటీమీటర్ల టెలిస్కోపు. ఖగోళ శాస్త్రవేత్త జేమ్స్ ఎలియట్ బృందం దాన్ని ఒక మసక నక్షత్రం మీదికి గురిపెట్టి, దాని వెలుగును క్షణక్షణం కొలిచింది. ఆ నక్షత్రానికి అడ్డంగా ప్లూటో రాబోతోంది.

ఇలా దగ్గరి వస్తువు దూరపు నక్షత్రాన్ని కప్పేయడాన్ని ఆచ్ఛాదన అంటారు. నక్షత్రం ఎంతో దూరాన ఉంటుంది కనుక ప్లూటో నీడ దాదాపు ప్లూటో అంత వెడల్పుతోనే, అంటే 2,400 కిలోమీటర్ల మేర, భూమి మీద పడుతుంది. సెకనుకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో దాటిపోతుంది. ఆ దారిలో కాచుకుని కూర్చున్నవాళ్లకు దక్కేది మహా అయితే రెండు నిమిషాలు.

ప్లూటో ఒట్టి రాయి, మంచు అయితే నక్షత్రం స్విచ్ నొక్కినట్టు ఆరిపోవాలి. ఆ రోజు గీత మెల్లగా వాలింది, మెల్లగా లేచింది. ప్లూటోకు వాతావరణం ఉందని ఆ వాలుతోనే తిరుగులేకుండా తేలింది. ఇన్నేళ్లయినా ఆ గీతను చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇక్కడ కాస్త ఆగుదాం. గాలి వెలుగును మింగేసింది కాబోలు అనుకుంటాం. కాదు, దాన్ని వంచింది. కింది పొరలు చిక్కన, పై పొరలు పలచన. కిందుగా వెళ్లే కిరణం ఎక్కువ వంగుతుంది, పైనుంచి వెళ్లేది తక్కువ. పక్కపక్కనే ఉన్న కిరణాలు కోట్ల కిలోమీటర్లు ప్రయాణించి మనల్ని చేరేసరికి ఎడంగా విడిపోతాయి. వెలుగు పోలేదు, పలచగా పరుచుకుంది. ఎంత త్వరగా పలచబడిందో కొలిస్తే ఏ ఎత్తున గాలి ఎంత సాంద్రంగా ఉందో తెలుస్తుంది. దానికి ప్లూటో గురుత్వాన్ని జోడిస్తే పీడనం, ఉష్ణోగ్రత బయటపడతాయి.

నీడ నడిమధ్యలో ఉన్నవాళ్లకు ఇంకో అదృష్టం. ప్లూటో చుట్టూ వంగిన కిరణాలన్నీ అక్కడ కలుస్తాయి, ఆరిన నక్షత్రం ఒక్కసారి మెరుస్తుంది. ఆ మెరుపు కింది పొరలను రాసుకుంటూ వచ్చిన వెలుగు. 2015 జూన్‌లో టెలిస్కోపు మోసే సోఫియా అనే మరో విమానం, గాలిలో ఉండగానే అందిన నీడ దారి కొత్త లెక్కను బట్టి దారి మార్చుకుని మరీ దాన్ని పట్టుకుంది.

అసలు ఆశ్చర్యం 2002లో ఎదురైంది. ప్లూటో 1989లో సూర్యుడికి అత్యంత సమీపానికి వచ్చి, అక్కడి నుంచి దూరం జరుగుతోంది. చల్లబడి గాలి గడ్డకట్టాలి కదా! ఆ ఏడాది రెండు ఆచ్ఛాదనలు కొలిస్తే పీడనం 1988 నాటికి రెట్టింపు ఉంది. అక్కడి గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్, అది నేల మీది నైట్రోజన్ మంచు నుంచి లేచే ఆవిరే. మంచు ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కితే చాలు, పీడనం రెట్టింపవుతుంది. మిట్టమధ్యాహ్నం దాటాకే ఎండ మండినట్టు ప్లూటో నేల కూడా ఆలస్యంగా వేడెక్కుతోంది. పైగా రుతువు మారి, మంచు మేటలున్న ఉత్తరార్ధం మీద ఎండ నిలకడగా పడుతోంది.

2015 జూలై 14న న్యూ హొరైజన్స్ అంతరిక్ష నౌక ప్లూటో దగ్గరగా వెళ్లి కొలిచినప్పుడు నేల మీది పీడనం మన సముద్ర మట్టపు పీడనంలో దాదాపు లక్షో వంతు అని తేలింది. నౌక వెళ్లింది ఒక్కసారే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పగలిగేవి మళ్లీ ఈ నీడలే. 2019లో ఒక ఆచ్ఛాదనను కొలిచినవాళ్లు పీడనం బాగా పడిపోయిందన్నారు. 2020 జూన్ 6న ఉత్తరాఖండ్‌లోని దేవస్థల్ నుంచి 3.6 మీటర్ల టెలిస్కోపుతో కొలిస్తే, 2015 నుంచి పీడనం పెద్దగా మారలేదని తేలింది. నాకు ఈ రెండో కొలతే బలంగా తోస్తుంది, అయినా ఒక్క ఆచ్ఛాదనతో తీర్పు చెప్పే విషయం కాదిది.

కొన్నేళ్ల క్రితం వరకు ప్లూటో వెనక పాలపుంత కిక్కిరిసి ఉండేది, అడ్డం పడటానికి నక్షత్రాలకు కొదవ లేదు. ఇప్పుడు ప్లూటో ధనూరాశి దాటి మకరంలోకి, నక్షత్రాలు పలచగా ఉన్న ఆకాశంలోకి వచ్చేసింది. సూర్యుడికి అత్యంత దూరం చేరేది 2114లో. గాలి తిరిగి గడ్డకట్టడం ఎప్పుడు మొదలవుతుందో చూడాల్సిన ఈ కాలంలోనే నీడలు అరుదవుతున్నాయి.