ఏసీపీ ప్రద్యుమన్‌ను చంపేసినప్పుడు మనకెందుకంత కోపం వచ్చింది?

[స్క్రీన్ మీద: గాల్లో వేళ్ళు తిప్పుతూ ఆలోచిస్తున్న ఏసీపీ ప్రద్యుమన్ పాత దృశ్యం]

2025 ఏప్రిల్. సోనీ టీవీ సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టింది. సీఐడీ అనే హిందీ నేర పరిశోధన సీరియల్లో ముఖ్య పోలీసు అధికారి పాత్ర అయిన ఏసీపీ ప్రద్యుమన్ ఫోటో, దానితో పాటు 1998–2025 అని రెండు సంవత్సరాలు. ఒక శకం ముగిసిందన్నారు. నిజంగా కన్నుమూసిన మనిషికి నివాళి ఎలా పెడతారో అచ్చం అలాగే ఉంది.

ఆ పాత్ర వేసిన శివాజీ సాటమ్ పేరు తెలియకుండానే ఆయన్ని ఇరవయ్యేళ్ళు చూసినవాళ్ళు మన ఇళ్ళలో బోలెడంతమంది. వాళ్ళ లెక్కలో ఆయన ఏసీపీ, అంతే. ఆ మొహం పక్కన అలాంటి అంకెలు కనబడితే గుండె జారిపోదూ?

ఆ తర్వాత అభిమానులు మామూలుగా బాధపడలేదు, మండిపడ్డారు. ఏసీపీ లేకపోతే ఇక సీఐడీ ఎందుకన్నారు. ఈ వీడియోలో ఆ కోపం గురించే మాట్లాడుకుందాం. ఎందుకంటే, "సీరియల్ కదా, పాత్ర కదా, దానికింత గోలేంటి" అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్ళతో నేను అస్సలు ఒప్పుకోను.

[స్క్రీన్ మీద: సీఐడీ మొదటి రోజుల టైటిల్స్]

తెలియనివాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్దాం. బి.పి. సింగ్ సృష్టించిన సీఐడీ 1998 జనవరి 21న మొదలైంది. 2018 అక్టోబర్‌లో ఆగేసరికి 1547 ఎపిసోడ్లు. సీరియల్ మొదలైన రోజు పుట్టిన పిల్ల, అది ఆగేనాటికి ఉద్యోగం చేస్తూ ఉంటుంది. ఆరేళ్ళ తర్వాత రెండో సీజన్‌తో మళ్ళీ వచ్చింది. హిందీ సగమే అర్థమయ్యే మన ఇళ్ళలో కూడా "దయా, దర్వాజా తోడ్ దో" (దయా, తలుపు పగలగొట్టు) అంటే ఇప్పుడేం జరుగుతుందో పిల్లలకు సైతం తెలుసు.

ఈ సీరియల్లో హత్యలు మారతాయి, హంతకులు మారతారు, చిన్న ఇన్‌స్పెక్టర్లు కూడా వస్తూ పోతూ ఉంటారు. మారనిది ఒక్కటే: ఏసీపీ, ఆయన కింద పనిచేసే సీనియర్ ఇన్‌స్పెక్టర్లు అభిజీత్, దయా, ల్యాబ్‌లో శవాలను పరీక్షించే డాక్టర్ సాలుంఖే. శవం దగ్గర నిలబడి సాలుంఖేతో ఏసీపీ పెట్టుకునే తగువులు చూడండి. రిపోర్ట్ ఇంకా కాలేదా అని ఈయన, నేనేమైనా మంత్రగాడినా అన్నట్టు ఆయన. ఇద్దరు పాత స్నేహితులు ముసలితనంలోకి వస్తూ కూడా వదలని చనువు అది. నాకైతే చాలాసార్లు కేసు కంటే ఆ గొడవే ఇష్టం.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. ఏసీపీకి ఇల్లు, సంసారం అంటూ మనకు పెద్దగా కనబడవు. ఉన్న ఒక్క కొడుకు నకుల్ నేరస్థుడయ్యాడు. చివరికి ఆ కొడుకును తన చేతులతోనే కాల్చాల్సి వచ్చింది. ఆ కథ తెలిసిన ప్రేక్షకుడికి ఆ తర్వాత ప్రతి ఎపిసోడ్‌లోనూ ఏసీపీ వేరేగా కనిపిస్తాడు. ఆయనకు మిగిలిన కుటుంబం ఆ ఆఫీసే. దయాను కసిరినా, అభిజీత్‌ను మెచ్చుకున్నా, దాని వెనకాల ఆ నకుల్ ఉంటాడు. అలాంటి మనిషిని బాంబు పేలుడులో పోగొట్టారు. తిగ్మాంశు ధూలియా చేసిన బార్బోసా అనే విలన్ పాత్ర చేతుల్లో. పోగొట్టి, ఫోటో పెట్టి, నివాళి అన్నారు.

[స్క్రీన్ మీద: 1956]

ఇలాంటి అనుబంధం మీద పరిశోధన ఈనాటిది కాదు. టీవీ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే, 1956లో, డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు దీన్ని పారాసోషల్ సంబంధం అన్నారు. అంటే మనకు వాళ్ళు బాగా తెలుసు, వాళ్ళకు మనమెవరో తెలియదు. 2004లో జొనాథన్ కోహెన్ అనే పరిశోధకుడు ఇజ్రాయెల్ ప్రేక్షకుల్ని ఒక ప్రశ్న అడిగాడు: మీకిష్టమైన పాత్ర రేపటి నుంచి టీవీలో రాకపోతే ఎలా ఉంటుంది? ఆ పాత్రతో అనుబంధం గట్టిగా ఉన్నవాళ్ళు ఎక్కువ బాధ ఉంటుందన్నారు. తమ సొంత బంధాల్లో కూడా "వీళ్ళు నన్ను వదిలేస్తారేమో" అని భయపడేవాళ్ళకు ఈ బెంగ ఇంకా ఎక్కువ. మనసు అనుబంధాన్ని పెంచుకునే తీరు ఒకటే. అవతల ఉన్నది మనిషా, తెర మీద పాత్రా అని చూసి దానికోసం వేరే మనసును వాడుకోదు కదా.

అయితే, బాధ వేరు, కోపం వేరు. దీనికి సీఐడీలోనే రుజువుంది.

[స్క్రీన్ మీద: నవ్వుతున్న ఫ్రెడ్డీ]

ఫ్రెడ్డీ. ఆ పాత్ర వేసిన దినేశ్ ఫడ్నిస్ 2023 డిసెంబర్‌లో చనిపోయారు. దయ్యం పేరెత్తితే వణికిపోయే పోలీసు, ఎంత భయంకరమైన కేసులోనైనా మనల్ని ఒక్కసారి నవ్వించి వెళ్ళే మనిషి. ఏడాది తర్వాత, 2024 డిసెంబర్‌లో రెండో సీజన్ మొదలైనప్పుడు ఆయన లేరు. అభిమానులు ఏడ్చారు. ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. మృత్యువు తీసుకెళ్ళిన మనిషి విషయంలో ఎవరిని నిలదీస్తాం?

కాబట్టి పాత్ర వెళ్ళిపోవడాన్నే అభిమాని తట్టుకోలేడు అనేది నిజం కాదు. ఎలా పంపించారు అన్నది చూస్తాడు.

అమెరికా నుంచి రెండు ఉదాహరణలు చెబుతాను, తేడా తెలుస్తుంది. అక్కడ లాస్ వేగాస్ నేపథ్యంలో సీఎస్ఐ అనే నేర పరిశోధన సీరియల్ 2000లో మొదలైంది. దానికి పెద్ద దిక్కు గిల్ గ్రిస్సమ్, విలియం పీటర్సన్ వేసిన పాత్ర. 2009 జనవరిలో ఆయన తప్పుకున్నాడు. చివరి రోజు ల్యాబ్ వరండాలో నడుస్తూ, ఎవరి పనిలో వాళ్ళున్న తన మనుషుల్ని ఒక్కొక్కరినీ చూసుకుంటూ వెళతాడు. పెద్ద ఉపన్యాసాలేం లేవు. ఆ తర్వాత అడవిలో, తాను ప్రేమించిన సారా దగ్గరికి చేరతాడు. ప్రేక్షకులు బెంగపడ్డారు, కానీ ఆయన ఎక్కడికి వెళ్ళాడో, ఎందుకు వెళ్ళాడో వాళ్ళకు తెలుసు.

రెండోది లా అండ్ ఆర్డర్: ఎస్వీయూ అనే పోలీసు సీరియల్. న్యూయార్క్ డిటెక్టివ్‌లు ఎలియట్ స్టేబ్లర్, ఒలీవియా బెన్సన్. పన్నెండు సీజన్లు పక్కపక్కనే పనిచేశారు. 2011లో స్టేబ్లర్ పాత్ర వేసిన క్రిస్టఫర్ మెలోనీకి కాంట్రాక్ట్ కుదరలేదు. ఆ సంగతి బయటికొచ్చేసరికి పన్నెండో సీజన్ చివరి ఎపిసోడ్ ప్రసారం కూడా అయిపోయింది. ఇక వీడ్కోలు ఎక్కడ రాస్తారు? తర్వాతి సీజన్లో అతను ఉద్యోగం మానేశాడని కెప్టెన్ చెబుతాడు, బెన్సన్ ఒంటరిగా గదిలోకి వెళ్ళి ఏడుస్తుంది. అయిపోయింది. ఆమెకు ఒక్క ఫోన్ రాలేదు, మనకు ఒక్క దృశ్యం రాలేదు. 2021లో స్టేబ్లర్ తిరిగొచ్చినప్పుడు రచయితలు ఆ మౌనాన్నే కథగా పెట్టుకోవాల్సి వచ్చింది. చెప్పకుండా ఎందుకు వెళ్ళావు అన్న బాధ పదేళ్ళయినా బెన్సన్‌లో అలాగే ఉంది. ఆమెతో పాటు ఎదురుచూసిన ప్రేక్షకుల్లోనూ ఉంది.

[స్క్రీన్ మీద: మళ్ళీ సీఐడీ]

ఇప్పుడు ఏసీపీ దగ్గరికి రండి. స్టేబ్లర్ విషయంలో కనీసం పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఇక్కడ అలా కాదు. ఆ రోజుల్లో శివాజీ సాటమ్ పత్రికలతో మాట్లాడుతూ, తాను కొన్నాళ్ళు సెలవు తీసుకున్నానని, ముందేం జరుగుతుందో నిర్మాతలకే తెలియాలని అన్నారు. ఆయన స్థానంలో ఏసీపీ ఆయుష్మాన్‌గా పార్థ్ సమథాన్ వచ్చారు. అదే ఏడాది ఏసీపీ బతికే ఉన్నాడని చూపించి శివాజీ సాటమ్‌ను మళ్ళీ తీసుకొచ్చారు.

తిరిగొచ్చినందుకు అందరికంటే నేనే ఎక్కువ సంతోషించి ఉంటాను. కానీ ఆ నివాళి పోస్టును మాత్రం మరచిపోలేకపోతున్నాను. జనం నిజంగా ఏడ్చిన ఏడుపును ప్రచారానికి వాడుకున్నట్టే కదా అది? పైగా రెండో సీజన్ మొదలైందే అభిజీత్ దయాను తుపాకీతో కాల్చే దృశ్యంతో. దయా తిరిగొచ్చాడు. తర్వాత ఏసీపీ తిరిగొచ్చాడు. ఇక రేపు నిజంగానే ఎవరినైనా చంపితే, ఏ ప్రేక్షకుడు నమ్ముతాడు? చావుకున్న బరువు పోతే నేరకథలో ఇంకేం మిగులుతుంది?

పార్థ్ సమథాన్ గురించి కూడా ఒక మాట అనాలి. మన కోపం చాలావరకు ఆ అబ్బాయి మీద పడింది. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఇచ్చిన పాత్ర చేశాడు. పాత పెద్దమనిషిని మర్యాదగా సాగనంపకుండా కొత్తవాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెడితే, ఎంత మంచి నటుడైనా అందులో ఇమడలేడు. అది కుర్చీ వేసినవాళ్ళు ఆలోచించాల్సిన విషయం.

నా కోరిక ఒక్కటే. శివాజీ సాటమ్‌కు 75 ఏళ్ళు దాటాయి. మహారాష్ట్రలో పోలీసు అధికారి 58 ఏళ్ళకు రిటైరవుతాడు. ఏసీపీకి ఆ వయసు దాటి చాలాకాలమైంది, మనమే ఒప్పుకోలేదు. ఆయన ఆరోగ్యంగా, హాయిగా నటించగలిగినప్పుడే ఒక రిటైర్మెంట్ ఎపిసోడ్ రాయండి. బాంబులు వద్దు. మన ప్రభుత్వ ఆఫీసుల్లో చేసినట్టే దండ వేయండి, శాలువా కప్పండి, గ్రూప్ ఫోటో తీయండి. ఫ్రెడ్డీ పేరు ఎవరో ఒకరు తలుచుకోవాలి. సాలుంఖే చివరిసారి ఆయనతో గొడవపడాలి, ఆ గొడవ ఎంతసేపు సాగినా నేను చూస్తాను. దయా, అభిజీత్‌లలో ఆ కుర్చీ ఎవరికి అప్పగించాలో ఆయన నోటితోనే చెప్పించండి.

ఆ ఎపిసోడ్‌లో ఇంకా ఏ సన్నివేశం ఉండాలో మీరు కామెంట్లలో రాయండి. ఏసీపీ ఎవరి పేరు చెప్పాలో కూడా రాయండి. నా ఓటు అభిజీత్‌కి. దయా అభిమానులు కోప్పడతారని తెలుసు, అయినా అభిజీత్‌కే.